దూరవిద్యలో నాయిస్ కంట్రోల్ ఇంజనీరింగ్: ఉద్యోగం చేస్తూ చదవొచ్చా?

సిమెంట్_సూరి:
అందరికీ నమస్కారం. సూర్యాపేట జిల్లాలో ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో చేస్తున్నాను. బీటెక్ మెకానికల్. మా బాల్ మిల్లు, కంప్రెసర్ హౌస్, సైలో కింద గాలి ఊదే రూట్స్ బ్లోవర్లు... వీటి శబ్దం మీద ఆడిట్ వచ్చినప్పుడల్లా ఒకటే తంతు. కొత్త ఇయర్ ప్లగ్‌లు పంచుతారు, గోడకు బోర్డు కొడతారు, అయిపోయింది. శబ్దాన్ని తగ్గించడం ఎలాగో తెలిసినవాళ్లు ప్లాంటులో ఎవరూ లేరు. ఆ పని నేర్చుకోవాలని ఉంది. షిఫ్టు ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్ల, కాబట్టి కాలేజీకి వెళ్లి ఎంటెక్ చేయడం కుదరదు. దూరవిద్యలో ఇది ఎక్కడ చెప్తారు? ఒక ఏజెంటు ఫోన్ చేసి "డిస్టెన్స్‌లో ఎంటెక్, పరీక్షలు కూడా ఇంటి నుంచే" అంటున్నాడు. నమ్మొచ్చా?

పుణె_పవన్:
ముందు ఆ నంబరు బ్లాక్ చెయ్యి తమ్ముడూ. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పాత_ఇన్‌స్పెక్టర్:
పవన్ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకో నేను చెప్తాను. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కేసులో తీర్పు ఇచ్చింది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద కేసు అది. 2001 నుంచి 2005 దాకా చేరినవాళ్లకు పరీక్ష రాసి డిగ్రీ నిలబెట్టుకునే అవకాశం ఇచ్చారు. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు వెనక్కి తీసుకోమన్నారు. వాటితో వచ్చిన ప్రమోషన్ల లాంటి లాభాలు కూడా పోయాయి. 2020 యూజీసీ నిబంధనల్లో కూడా దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వకూడని కోర్సుల్లో ఇంజనీరింగ్ ఉంది. కాబట్టి మన దేశంలో ఎవరైనా "డిస్టెన్స్ ఎంటెక్" అంటే డబ్బు కట్టకండి. సర్టిఫికెట్ కోర్సులు, వృత్తి సంస్థల డిప్లొమాలు వేరు. వాటిని డిగ్రీ అని ఎవరూ అనరు గనక ఈ గొడవ రాదు.

సిమెంట్_సూరి:
ధన్యవాదాలు సార్, డబ్బు మిగిల్చారు. నాకు ముఖ్యం పని నేర్చుకోవడమే. కానీ చేతిలో ఏదో ఒక కాగితం లేకపోతే మా జీఎం నా మాట వినడు, అదీ సమస్య.

రాజమండ్రి_రఘు:
నిజం చెప్పాలంటే ఇదంతా దండగ. ఫోన్‌లో డెసిబెల్ యాప్ వేసుకో, యూట్యూబ్ చూడు, చాలు. మన దగ్గర శబ్దం గురించి పట్టించుకునేదెవరు? మా వీధిలో డీజే పెడితే కిటికీ అద్దాలు ఊగుతాయి. ఫోన్ చేసినా ఎవరూ రారు.

మిడ్‌లాండ్స్_మాధవి:
రఘు గారూ, డీజే బాధ నిజమే కానీ సూరి గారు అడిగింది వేరు. నేను ఇంగ్లండ్‌లో అకౌస్టిక్ (ధ్వనికి సంబంధించిన) కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. ఊళ్లో చదివింది సివిల్. ఇక్కడికొచ్చి ఉద్యోగం చేస్తూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అకౌస్టిక్స్ వాళ్ల "డిప్లొమా ఇన్ అకౌస్టిక్స్ అండ్ నాయిస్ కంట్రోల్" దూరవిద్యలో పూర్తిచేశాను. పీజీ స్థాయి చదువు అది. మూల సూత్రాలు, ల్యాబ్, ప్రాజెక్టు అందరికీ తప్పనిసరి. వాటికి తోడు రెండు ప్రత్యేక విషయాలు ఎంచుకోవాలి. భవనాల అకౌస్టిక్స్, నాయిస్-వైబ్రేషన్ నియంత్రణ, చట్టాలు-అంచనాలు, ఎలక్ట్రో అకౌస్టిక్స్ లాంటివి ఉంటాయి. మీకైతే నియంత్రణ తీసుకోవడమే సరి.

చదువు కష్టమా అంటే, పాఠాలు కాదు, ఒంటరితనం కష్టం. రాత్రి పదింటికి ఒక లెక్క తేలకపోతే పక్కన అడిగేవాళ్లు ఉండరు. ట్యూటర్ ఉన్న పద్ధతిలోనే చేరండి, అన్నీ సొంతంగా చదువుకోవచ్చు అన్న ధీమాతో చేరకండి. రాతపరీక్ష ఉంది, ల్యాబ్ కూడా ఉంది. ఇండియా నుంచి ల్యాబ్ ఎలా చేయిస్తారు, పరీక్ష ఎక్కడ రాయిస్తారు అన్న రెండు ప్రశ్నలకూ ఫీజు కట్టేముందే ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

డెట్రాయిట్_దివ్య:
అమెరికా సంగతి నేను చెప్తాను. పెన్ స్టేట్‌లో అకౌస్టిక్స్ ప్రోగ్రామ్ 1965 నుంచి ఉంది. దూరంగా ఉండి చేసే ఎం.ఇంజనీరింగ్ 30 క్రెడిట్లు, చివర్లో ఒక పేపరు రాయాలి. చదువు మాత్రం గట్టిది. ఇండియాలో ఉండి చేస్తే టైమ్‌తోనే తిప్పలు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట క్లాసు అంటే మనకు వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. నైట్ షిఫ్టు వాళ్లకు ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి. ఫీజు డాలర్లలో కాబట్టి కంపెనీ భరిస్తేనే ఆ వైపు చూడండి. పైగా విదేశీ డిగ్రీ దూరవిద్యలో చేస్తే ప్రభుత్వ ఉద్యోగానికి గుర్తింపు గొడవ ఉంటుంది. ప్రైవేటు కంపెనీలో అయితే ఆ పేరు చూడగానే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

పుణె_పవన్:
అంత దూరం ఎందుకు, ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. నేను వాహనాల ఎన్‌వీహెచ్‌లో (శబ్దం, కంపనాలు తగ్గించే పని) ఉన్నాను, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందు చెప్పేది ఎన్‌పీటీఈఎల్, అంటే ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే పాఠాలు. ఐఐటీ కాన్పూర్ నచికేత తివారీ గారిది నాయిస్ మేనేజ్‌మెంట్ మీద ఒక కోర్సు ఉంది. అక్కడే అఖిలేష్ మిమానీ గారు మఫ్లర్ల (గొట్టాల్లో శబ్దం తగ్గించే డబ్బాలు) మీద చెప్పింది ఉంది, బ్లోవర్ సైలెన్సర్ అర్థం కావాలంటే అదే కావాలి. ఖరగ్‌పూర్ మొహంతి గారి మెషినరీ ఫాల్ట్ డయాగ్నసిస్ పాఠాల్లో సిగ్నల్ ప్రాసెసింగ్ బాగుంటుంది. మెయింటెనెన్స్ వాడివి కాబట్టి రెండు విధాలా పనికొస్తుంది. పాఠాలన్నీ ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే కొద్దిపాటి ఫీజు కట్టి పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75. మీ జీఎంకి చూపించడానికి ఐఐటీ ముద్ర ఉన్న కాగితం ఇంతకంటే చవగ్గా దొరకదు.

లెక్కల_మాస్టారు:
నేను ఒంగోలులో ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. సూరి బాబూ, కోర్సు ఏదైనా ఎంచుకో, మొదట లాగరిథమ్‌లు మళ్లీ చెయ్యి. ఇంజనీర్లు ఈ చదువులో చతికిలబడేది అక్కడే. డెసిబెల్‌లను మామూలుగా కూడేస్తారు. రెండు బ్లోవర్లు ఒక్కొక్కటి 98 అయితే రెండూ కలిసి 101, అంతేగానీ 196 కాదు.

ఒక లెక్క ఇస్తున్నాను, కాగితం తీసుకుని చెయ్యి. ఒక చోట నిలబడి కొలిస్తే నాలుగు మెషిన్లు విడివిడిగా 100, 94, 90, 88 డీబీఏ (చెవికి వినిపించే తీరుకు సర్దిన డెసిబెల్స్) ఇస్తున్నాయి. అన్నీ నడుస్తుంటే మొత్తం ఎంత? చిన్నవి మూడూ పూర్తిగా ఆపేస్తే ఎంత? వాటిని ముట్టుకోకుండా పెద్దదాన్ని ఒక్కదాన్నే 10 డెసిబెల్స్ తగ్గిస్తే ఎంత?

సిమెంట్_సూరి:
చేశాను మాస్టారూ. మొత్తం 101.5. చిన్నవి మూడూ ఆపినా 100. పెద్దదాన్ని 90కి దించితే మొత్తం 97.1. మూడు మెషిన్లు ఆపితే ఒకటిన్నర డెసిబెల్ తగ్గుతుందా! పోయినేడు మా దగ్గర చిన్న కంప్రెసర్‌కి చుట్టూ మూసే ఎన్‌క్లోజర్ కట్టించారు, ఎవరికీ తేడా తెలియలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

లెక్కల_మాస్టారు:
సరిగ్గా చేశావు. సగం సబ్జెక్టు ఇక్కడే ఉంది నాయనా. ఏ మెషిన్ ఎంత ఇస్తోందో విడదీసి వరస పెట్టకుండా ఒక్క రూపాయి ఖర్చుపెట్టకూడదు.

ఆర్కిటెక్ట్_అనిత:
ఎన్‌క్లోజర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. హైదరాబాద్‌లో ఆడిటోరియాలు, స్టూడియోలు చేస్తుంటాను. జనం శోషణనీ, అడ్డుకోవడాన్నీ ఒకటే అనుకుంటారు. గోడకు ఫోమ్ అంటిస్తే పక్కగదికి శబ్దం వెళ్లదనుకుంటారు. గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది, నిజమే. అవతలికి వెళ్లేది మాత్రం దాదాపు అలాగే వెళ్తుంది. అడ్డుకోవాలంటే బరువు కావాలి. ఒకే పొర గోడ బరువు రెట్టింపు చేస్తే స్థూలంగా 6 డెసిబెల్స్ లాభం. ఇంకోటి, ఎన్‌క్లోజర్ ఎంత మందంగా కట్టినా దాని విస్తీర్ణంలో నూటికి ఒక వంతు కంత ఉంటే 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. సూరి గారూ, మీ కంప్రెసర్ ఎన్‌క్లోజర్‌కి కేబుల్ వెళ్లే చోట, గాలి కోసం వదిలిన చోట ఎంత సందు ఉందో ఒకసారి చూడండి.

నేను ఈ సబ్జెక్టు సగం ఆన్‌లైన్‌లో నేర్చుకున్నాను, మిగతా సగం సైట్‌లో. గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తుందని చిన్నప్పటి నుంచి వింటాం కదా. చెవితో విన్న అలాంటి అనుభవాలు ఉన్నవాళ్లకు సమీకరణాలు తొందరగా పట్టుబడతాయి.

రాజమండ్రి_రఘు:
సరే, చదువుకోండి. కానీ దీనికి మన దగ్గర ఉద్యోగం ఉందా అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

పాత_ఇన్‌స్పెక్టర్:
చెప్తాను. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. 1000 కేవీఏ లోపు డీజిల్ జెనరేటర్ సెట్‌కి ఎన్‌క్లోజర్ నుంచి మీటరు దూరంలో 75 డీబీఏ దాటకూడదు. ఫ్యాక్టరీ లోపల అయితే 8 గంటలకు 90 డీబీఏ పరిమితి, ప్రతి 5 డెసిబెల్స్‌కి సమయం సగం అవుతుంది. అంటే 95 దగ్గర 4 గంటలు. మీ ఊరి డీజే దగ్గరకు ఎవరూ రాకపోవచ్చు, ఫ్యాక్టరీల నుంచి రిపోర్టులు మాత్రం అడుగుతారు. వాటిని కొలిచేవాళ్లు, సంతకం పెట్టేవాళ్లు కావాలి.

చాలామందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు రాసే కన్సల్టెన్సీలకు నాబెట్ (క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింది బోర్డు) గుర్తింపు కావాలి. అందులో నాయిస్-వైబ్రేషన్‌కి ప్రత్యేక నిపుణుడు అనే స్థానమే ఉంది. గనులు, సిమెంటు, పవర్ ప్లాంట్లు ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఆ నివేదికలకు కొదవలేదు. చదువుతో పాటు అనుభవం కూడా చూస్తారు కాబట్టి, సూరి గారూ, ఇప్పటి నుంచి ప్లాంటులో ఏం కొలిచినా తేదీతో సహా రాసి దాచుకోండి.

డెట్రాయిట్_దివ్య:
సార్ చెప్పిన 90 చట్టం గీసిన గీత. చెవి గీసుకున్న గీత కాదు. ఇక్కడ నియోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ సిఫారసు 8 గంటలకు 85, ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం. ఆ లెక్కన 95 దగ్గర ఉండాల్సింది 47 నిమిషాలే. 4 గంటలెక్కడ, 47 నిమిషాలెక్కడ! బ్రిటన్‌లో కూడా 2005 నిబంధనల ప్రకారం 80 దగ్గరే కంపెనీ పని మొదలవుతుంది, అవునా మాధవీ?

మిడ్‌లాండ్స్_మాధవి:
అవును, 80 దగ్గర సమాచారం, శిక్షణ ఇవ్వాలి. 85 దగ్గర చర్యలు తప్పనిసరి. చెవి రక్షణ లెక్కలోకి తీసుకున్నాక కూడా 87 దాటకూడదు. ఇయర్ ప్లగ్ ప్యాకెట్ మీద 29 అని ఉంటే 29 తగ్గుతుందనుకోకండి. అది ల్యాబ్‌లో, సరిగ్గా దూర్చిపెట్టి తీసిన అంకె. అమెరికాలో అనుసరించే లెక్క ప్రకారం డీబీఏలో కొలిచినప్పుడు 29లోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే 11. షిఫ్టులో చెమటకు జారి, మాట వినడానికి తీసి, మళ్లీ పెట్టుకునే ప్లగ్ అంతకంటే తక్కువే ఇవ్వొచ్చు.

సిమెంట్_సూరి:
మా హెల్పర్లు ప్లగ్‌లను మెడకు దండలా వేసుకుంటారు, ఆడిట్ రోజున మాత్రమే చెవిలోకి వెళ్తాయి.

అన్నా పవన్, దూరవిద్యలో ల్యాబ్ సంగతి ఏంటి? వీడియో చూసి కొలత నేర్చుకోవడం అయ్యే పనేనా?

పుణె_పవన్:
వీడియో చూసి రాదు. కానీ నీకున్న ల్యాబ్ ఎంటెక్ కుర్రాళ్లకు ఉండదు, అది గుర్తుపెట్టుకో. వాళ్లు అనెకోయిక్ (ప్రతిధ్వని లేని) గదిలో స్పీకర్ కొలుస్తారు, నువ్వు రోజూ బాల్ మిల్లు పక్కన తిరుగుతావు. ఫోన్ యాప్ మొదటి అంచనాకు పనికొస్తుంది, రిపోర్టుకు పనికిరాదు. ఐఈసీ 61672 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్లాస్ 2 మీటర్ ఒకటి, మీటర్‌ని సరిచూసుకోవడానికి 94 డెసిబెల్స్ ఇచ్చే క్యాలిబ్రేటర్ ఒకటి కంపెనీ చేత కొనిపించు. కొలిచే ముందు, కొలిచాక క్యాలిబ్రేట్ చెయ్యి. ఆక్టేవ్ బ్యాండ్లు (ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర ఎంత శబ్దమో విడివిడిగా) చూపించే మీటర్ అయితేనే తీసుకో, ఒట్టి డీబీఏ అంకెతో సైలెన్సర్ డిజైన్ చేయలేవు.

రూట్స్ బ్లోవర్‌తో మొదలుపెట్టు. మూడు లోబ్‌ల (రెక్కల్లాంటివి) రోటర్లు రెండు ఉంటే ఒక చుట్టుకు ఆరు గాలి పల్స్‌లు. 1500 ఆర్‌పీఎం దగ్గర 150 హెర్ట్జ్. నీ స్పెక్ట్రమ్‌లో ఆ శిఖరం కనిపించాలి, దాని గుణిజాల దగ్గర కూడా. కనిపిస్తే శబ్దం పల్సేషన్‌ది. అది లేకుండా పై ఫ్రీక్వెన్సీలు మాత్రమే ఎక్కువుంటే బేరింగో గేరో లీకో చూడు. ఇక ఆ 150 హెర్ట్జ్ శబ్దాన్ని తగ్గించడానికి పైపుకు పక్కగొట్టం, అదే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవుండే క్వార్టర్ వేవ్ ట్యూబ్ పెట్టాలంటే పొడవెంతో చెప్పు చూద్దాం.

సిమెంట్_సూరి:
ధ్వని వేగం 343. తరంగదైర్ఘ్యం 2.29 మీటర్లు, నాలుగో వంతు 57 సెంటీమీటర్లు. సరేనా?

పుణె_పవన్:
20 డిగ్రీల గాలికి సరే. బ్లోవర్ డిశ్చార్జ్ లైన్ ముట్టుకుంటే కాలుతుంది కదా? 80 డిగ్రీలు అనుకుంటే వేగం 377 దాకా వస్తుంది, గొట్టం 63 సెంటీమీటర్లు కావాలి. ఇంకా గొట్టం నోటి దగ్గర పొడవుకు చేసే కొసల సవరణ వేరు. 57 పెట్టి బిగిస్తే అది వేరే ఫ్రీక్వెన్సీకి పనిచేస్తుంది, నీ శబ్దం నీకే ఉంటుంది. పుస్తకంలో లెక్క వచ్చినవాడికీ, పైపు మీద థర్మామీటర్ పెట్టినవాడికీ తేడా ఈ 6 సెంటీమీటర్లే. దూరవిద్యలో చదువు, పర్వాలేదు, ప్రతి అసైన్‌మెంటునీ మీ ప్లాంటులో ఒక మెషిన్ మీద మళ్లీ చెయ్యి.

లెక్కల_మాస్టారు:
ఇంట్లో ల్యాబ్ కావాలనుకునేవాళ్లకు ఒక మాట. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, స్పీకరు, రెండు మైకులు, కంప్యూటర్ ఉంటే ఇంపిడెన్స్ ట్యూబ్ తయారవుతుంది. రాక్‌ఊల్ ముక్క ఎంత శోషిస్తుందో కొలవొచ్చు. పైపు లోపలి వ్యాసం సుమారు 100 అనుకుంటే 2000 హెర్ట్జ్ లోపే కొలత నమ్మాలి, ఆ పైన పైపులో తరంగం అడ్డంగా కూడా ఊగడం మొదలవుతుంది. బీఎస్సీ పిల్లల చేత చేయించాను. మైకులు రెండూ ఒకదానికొకటి సరిపోల్చుకోవడానికే సగం సమయం పోతుంది, అక్కడ ఓపిక ఉండాలి.

ఆర్కిటెక్ట్_అనిత:
మాస్టారూ, ఆ పైపు ఫొటో ఉంటే పెట్టండి. మా ఆఫీసు జూనియర్ల చేత కూడా చేయిస్తాను. సప్లయర్లు తెచ్చే ప్యానెళ్ల బ్రోషర్లలో అంకెలు మరీ అందంగా ఉంటున్నాయి.

లెక్కల_మాస్టారు:
మనవడు వచ్చాక పెట్టిస్తానమ్మా.

రాజమండ్రి_రఘు:
ఆ నాబెట్ సంగతి నాకు నిజంగా తెలియదు. మా తమ్ముడు ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ చేసి ఖాళీగా ఉన్నాడు. వాడు కూడా ఎన్‌పీటీఈఎల్ కోర్సు చేయొచ్చా, మెకానికల్ వాళ్లకేనా?

పుణె_పవన్:
చేయొచ్చు. తివారీ గారి కోర్సుతో మొదలుపెట్టమనండి. మఫ్లర్ల కోర్సు ఇప్పుడే వద్దు, మాట్రిక్స్‌లు చూసి పారిపోతాడు.

సిమెంట్_సూరి:
జీఎంతో మాట్లాడాను. ఎన్‌పీటీఈఎల్ పరీక్ష ఫీజు కంపెనీ ఇస్తుందట. మీటర్ సంగతి "కొటేషన్ తీసుకురా చూద్దాం" అన్నాడు. మాధవి గారు చెప్పిన డిప్లొమాకి అప్పుడే వెళ్లను, ముందు ఈ సెమిస్టర్ ఒక కోర్సు రాసి చూస్తాను. ఈలోగా సేఫ్టీ వాళ్ల పాత మీటర్ ఒకటి స్టోర్స్‌లో దొరికింది, దానికి క్యాలిబ్రేటర్ లేదు. అంకెలు నమ్మకపోయినా మెషిన్ల మధ్య తేడా చూద్దామని ఒక్కొక్కటీ ఆపించి, మిగతావి నడిపించి కొలిచాను. బ్లోవర్ నంబర్ 2 ఆపితే సైలో దగ్గర 5 డెసిబెల్స్ పడిపోయింది. మిగతా వాటిలో ఏది ఆపినా ఒక డెసిబెల్‌కి అటూ ఇటూ.

పుణె_పవన్:
అంటే అక్కడి శబ్దశక్తిలో మూడింట రెండు వంతులు దానిదే. ఇప్పుడు దాని ఇన్‌టేక్ ఫిల్టర్ దగ్గర ఒకసారి, డిశ్చార్జ్ పైపు పక్కన ఒకసారి, మోటర్ వైపు ఒకసారి కొలువు. 1, 3 బ్లోవర్లవి కూడా అవే చోట్ల. రెండోది ఎక్కడ తేడాగా ఉందో అక్కడ విప్పి చూడండి. సైలెన్సర్ లోపలి ప్యాకింగ్ ఎగిరిపోయి ఉండటం నేను చాలా చోట్ల చూశాను.

కాకినాడ_కల్పన:
ఈ చర్చ చూసి చేరాను. మా నర్సింగ్ హోమ్ వెనక అపార్ట్‌మెంట్ వాళ్ల జెనరేటర్ ఉంది, కరెంటు పోతే పేషెంట్లకు నిద్ర ఉండదు. ఎవరిని పిలిచి కొలిపించాలి?

పాత_ఇన్‌స్పెక్టర్:
ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉంటే పగలు 50, రాత్రి 40 పరిమితి అమ్మా. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ చేత జెనరేటర్ నడుస్తున్నప్పుడు, ఆపినప్పుడు రెండుసార్లూ కొలిపించండి. వేరే థ్రెడ్ తెరవండి, వివరంగా రాస్తాను.

సిమెంట్_సూరి:
పవన్ అన్నా, విప్పాం. ప్యాకింగ్ సగానికి పైగా లేదు. కొత్తది నింపడానికి గ్లాస్‌ఊల్ చాలా, దాని మీద చిల్లుల రేకు కూడా మార్చాలా?

పుణె_పవన్:
రేకు తుప్పు పట్టి చిల్లులు పెద్దవయ్యాయేమో చూడు, అయితే మార్చాల్సిందే. ఊల్‌కీ రేకుకీ మధ్య గ్లాస్ క్లాత్ చుట్టండి, లేకపోతే మళ్లీ గాలికి కొట్టుకుపోతుంది. నింపాక అదే చోట, అదే మీటర్‌తో కొలిచి అంకె ఇక్కడ పెట్టు.